మాత్ర తప్పిన ఇంజను

తెలుగు పండితుడికి కారు ఇంజనుతో పనేమిటని ఎవరైనా అడిగితే తప్పు పట్టను. ముప్పై అయిదేళ్ళు పిల్లల చేత గురువులూ లఘువులూ లెక్కపెట్టించి బ్రతికినవాణ్ణి. అయితే ఆ లెక్కే ఒకనాడు మెకానిక్కు షెడ్డులో నాకు అక్కరకు వచ్చింది. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే సుమారు నూట నలభై యేళ్ళ కథ చెప్పవలసి ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి.

మాది 2006లో కొన్న చిన్న పెట్రోలు కారు. రెండేళ్ళ క్రితం దానికి జబ్బు చేసింది. లీటరుకు పదిహేను కిలోమీటర్లు నడిచేది పదికి దిగింది. పొగగొట్టం చివర వేలు పెట్టి తీస్తే కాటుక అంటినట్టు మసి. స్టార్టు చేసి నాలుగు నిమిషాలు ఉంచితే చాలు, పచ్చి పెట్రోలు వాసనతో కళ్ళు మండేవి. మేము కారు నిలిపే చోటు వంటింటి కిటికీ పక్కనే. కారు బయటికి తీసిన రోజునల్లా మా ఆవిడ తలనొప్పి అనేది. వయసు మీద పడిన తలనొప్పి అనుకున్నాం గాని, దానికీ దీనికీ సంబంధం ఉందని చాలాకాలం మాకు తట్టలేదు.

మెకానిక్కు ప్లగ్గులు విప్పి చూపించాడు. నాలుగూ నల్లగా మసిబారి ఉన్నాయి. "రిచ్ కొడుతోంది మాస్టారూ" అన్నాడు. గాలి ఫిల్టరు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, ఆ తరువాత పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారూ మార్చాడు. చేతి చమురు వదిలింది గాని జబ్బు వదలలేదు. ఆఖరికి, "ప్రెషరు తగ్గించేద్దామండీ. స్క్రూ ఉన్న రెగ్యులేటరు దొరుకుతుంది. నాలుగు చుట్లు వదులు చేస్తే పెట్రోలు తక్కువ పోతుంది, పొగ కూడా పోతుంది" అన్నాడు.

మాట సబబుగానే తోచింది. కాని వ్యాకరణం చదువుకున్నవాడికి ఒక అలవాటు ఉంటుంది. ఒక సూత్రం ఎందుకు పుట్టిందో తెలియకుండా దాన్ని సవరించడానికి చెయ్యి రాదు. ఆ ప్రెషరును అంతే ఉండాలని ఎవరు నిర్ణయించారు? ఎందుకు నిర్ణయించారు? రెండు వారాలు గడువు అడిగి చదవడం మొదలుపెట్టాను. చదివినది ఇది.

పెట్రోలు తనంతట తాను మండదు, గాలి కావాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి అవసరం. కొలతల్లో చెప్పాలంటే ఒక్క లీటరు పెట్రోలుకు దరిదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి. ఇంజను తాగేది పెట్రోలు అని మనం అనుకుంటాం గాని నిజానికి అది తాగేది గాలి. పెట్రోలు అందులో నంజుడు మాత్రమే. ఈ పాళ్ళలో పెట్రోలు ఎక్కువైతే దానిని ఇంగ్లీషువారు 'రిచ్' అన్నారు, తక్కువైతే 'లీన్' అన్నారు. ఒకటి సంపన్నం, మరొకటి బక్కచిక్కినది. మన వైద్యుల మాటల్లో చెబితే మొదటిది అజీర్ణం, రెండవది ఉపవాసం. అజీర్ణం చేసిన ఇంజను సగం మండిన పెట్రోలును మసిగానూ, కార్బన్ మోనాక్సైడుగానూ కక్కుతుంది. ఈ రెండవదానికి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పితో మొదలై, మూసిన గదిలో అయితే ప్రాణంతో ముగుస్తుంది. కాబట్టి ఇది కేవలం పెట్రోలు ఖర్చుకు సంబంధించిన ముచ్చట కాదు.

కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటుకు పెట్టిన మూడు చక్రాల బండిలో ఈ పాళ్ళను నిర్ణయించే ఉపాయం చాలా మోటుగా ఉండేది. ఒక పాత్రలో ఇంధనం, దాని మీదుగా గాలి. గాలి ఎంత ఆవిరిని మోసుకుపోతే అంత. ఎండ కాస్తే ఆవిరి ఎక్కువ, చలివేస్తే తక్కువ. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ దాకా నడిపినది ఈ రకం బండినే. దారిలో ఇంధనం నిండుకుంటే వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల దుకాణంలో కొన్నది. తొలి దూరప్రయాణానికి పెట్రోలు బంకు ఒక మందుల దుకాణం కావడం నాకు చాలా నచ్చిన విషయం. మందుకైనా ఇంధనానికైనా మోతాదే కదా ప్రధానం!

ఆ మోతాదుకు మొదటిసారి పద్ధతి ఏర్పడినది 1893లో. బుడాపెస్టులో దోనాత్ బాంకి, యానోష్ చోంకా అనే ఇద్దరూ, జర్మనీలో విల్హెల్మ్ మేబాఖ్ అనే ఆయనా, వేరువేరుగా ఒకే దారికి వచ్చారు. గాలి పోయే గొట్టాన్ని ఒకచోట సన్నం చేస్తే అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. 1738లో బెర్నూలీ గ్రంథంలోనూ, 1797లో వెంచూరి రచనలోనూ కనిపించే సూత్రం ఇది. ఆ సన్నని చోట ఒక చిన్న జెట్టు పెడితే, పెట్రోలు దానంతట అదే తుంపరగా పైకి లేస్తుంది. గాలి ఎక్కువ పోతే తుంపర ఎక్కువ, తక్కువ పోతే తక్కువ. ఇదే కార్బ్యురేటరు.

అయితే ఇందులో గుండెకాయ జెట్టు కాదు, పక్కన ఉన్న చిన్న గిన్నె. ఆ గిన్నెలో ఒక ఫ్లోటు, అంటే తేలే బుర్ర, ఉంటుంది. పెట్రోలు నిండితే బుర్ర పైకి లేచి ఒక సూదితో దారి మూస్తుంది. తగ్గితే దిగి దారి తెరుస్తుంది. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో ఉండే ఏర్పాటే ఇది. గిన్నెలో పెట్రోలు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటేనే జెట్టు లెక్క నిజమవుతుంది. పంపు పీడనం మితిమీరి ఆ సూదిని నెట్టేసినా, సూది కింద నలుసు ఇరుక్కున్నా, బుర్రకు చిల్లి పడి మునిగినా మట్టం పెరిగి పెట్రోలు పొర్లుతుంది. అంబాసిడర్లను నడిపినవారికి ఈ 'ఓవర్‌ఫ్లో' బాగా తెలుసు. బానెట్టు ఎత్తి కార్బ్యురేటరు మీద స్క్రూడ్రైవరు పిడితో నాలుగు దెబ్బలు వేసే డ్రైవర్లను నేనే చూశాను. ఆ దెబ్బలు మూఢనమ్మకం కాదు. ఇరుక్కున్న సూదిని కదిలించడానికి చేసిన చికిత్స.

అంటే కారు పుట్టిన తొలిరోజులలోనే ఒక సత్యం స్థిరపడింది. మోతాదు నిర్ణయించేది ఒక అంగం. ఆ మోతాదు నమ్మదగినదిగా ఉండడానికి ఏదో ఒకదాన్ని మార్పు లేకుండా నిలిపి ఉంచేది మరొక అంగం. ఈ రెంటినీ కలగాపులగం చేయరాదు.

ఈ సత్యానికి ప్రాణాలతో పరీక్ష వచ్చినది 1940లో. అది కారులో కాదు, విమానంలో. బ్రిటను మీద జర్మను విమానాలు దాడి చేసిన ఆ వేసవిలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకు రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజను ఉండేది. దానికి కార్బ్యురేటరు. ఎదుటి మెసర్‌ష్మిట్ 109కి డైమ్లర్ బెంజ్ ఇంజను. దానికి కార్బ్యురేటరు లేదు, పంపు ద్వారా సిలిండరులోకి నేరుగా పెట్రోలు చిమ్మే ఏర్పాటు ఉంది. జర్మను పైలటు ముక్కు కిందికి వంచి ఒక్కసారిగా దూకితే, వెంబడించే ఆంగ్లేయుడు అలాగే దూకలేకపోయేవాడు. దూకిన క్షణంలో ఇంజను దగ్గి ఆగినంత పని చేసేది. అందుకని విమానాన్ని ముందు పక్కకు తిప్పి వెల్లకిలా చేసి ఆ తరువాత దూకవలసి వచ్చేది. ఆ రెప్పపాటులో శత్రువు చేజారేవాడు, లేదా తానే చిక్కేవాడు.

కారణం ఆ గిన్నె. విమానం ముక్కు గబాలున కిందికి వంచితే అందులోని పెట్రోలు గిన్నె పైకప్పుకు ఎగురుతుంది. మొదట జెట్టుకు పెట్రోలు అందక ఇంజను నీరసిస్తుంది. ఇది ఉపవాసం. వెంటనే రెండవ దశ. తలకిందులైన ఫ్లోటు దారిని మూయవలసింది పోయి పూర్తిగా తెరుస్తుంది. పంపు తన శక్తికొద్దీ తోసిన పెట్రోలంతా గిన్నెను ముంచెత్తుతుంది. ఇది అజీర్ణం. మొదటి దశ కంటే ఈ రెండవదే ప్రమాదకరం. ఇంజను నల్లటి పొగ కక్కి ఆగిపోయేదాకా వచ్చేది.

ఫార్న్‌బరోలోని రాజకీయ విమాన పరిశోధన కేంద్రంలో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు పనిచేసేది. 1909లో పుట్టిన ఈమె మోటారు సైకిలు పందేలలో పేరు మోసినది. 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో గంటకు వంద మైళ్ళు మించిన వేగంతో చుట్టు తిరిగి బంగారు నక్షత్రం గెలుచుకున్నది. ఈమె జెట్టును మార్చలేదు, ఫ్లోటునూ మార్చలేదు. పెట్రోలు గొట్టంలో ఒక చిన్న లోహపు బిళ్ళ అమర్చింది. దాని మధ్య ఒక బెజ్జం. ఇంజను పూర్తి బలంతో పనిచేసేటప్పుడు ఎంత పెట్రోలు కావాలో సరిగ్గా అంతే ఆ బెజ్జం గుండా పోగలదు, అంతకు మించి పోలేదు. ఫ్లోటు దారి తప్పినా ముంపు రాదు. 1941 తొలినెలల్లో ఈ బిళ్ళలను ఆమె స్వయంగా విమాన స్థావరాలకు తిరిగి అమర్పించింది. విమానాన్ని యుద్ధం నుండి తప్పించవలసిన పని కూడా లేకపోయింది.

ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించినది ఆ బిళ్ళ కాదు, దానికి ముందున్న ఆలోచన. ఇంజను ఆగుతున్నదని అందరికీ తెలుసు. కాని మొదటి క్షణంలో ఆగడానికి ఒక కారణం, రెండవ క్షణంలో ఆగడానికి దానికి పూర్తిగా విరుద్ధమైన కారణం అని విడదీసి గ్రహిస్తేనే ఆ బెజ్జానికి కొలత కుదురుతుంది. పదవిభాగం చేయకుండా పద్యానికి అర్థం చెప్పబోతే ఏమవుతుందో మాస్టార్లకు తెలుసు.

యుద్ధం ముగిశాక పెట్రోలును చిమ్మే పద్ధతి కార్లకు వచ్చింది. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ కారుకు బాష్ వారి యాంత్రికమైన పంపు ఉండేది. బలం అమోఘం. కాని తాళం తిప్పి ఆపిన తరువాత కూడా, ఇంజను పూర్తిగా నిలిచేదాకా ఆ పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉండేది. మండని ఆ పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగి, కిందనున్న ఆయిలులో కలిసేది. అజీర్ణం వలన ఒంటికి వచ్చే కీడు ఏమిటో ఆ కారు చాటిచెప్పింది. మీ కారు ఎక్కువకాలం రిచ్ కొట్టి ఉంటే జబ్బు నయమయ్యాక ఇంజను ఆయిలు కూడా మార్చమని చెప్పేది ఇందుకే.

అమెరికాలో బెండిక్స్ సంస్థ 1957లో ఎలక్ట్రోజెక్టర్ అనే విద్యుత్ పద్ధతిని ప్రకటించింది. 1958లో క్రైస్లర్ వారి కొద్ది కార్లలో అమర్చారు గాని, ఆనాటి విద్యుత్ పరికరాలు ఎండకూ తేమకూ తట్టుకోలేకపోయాయి. చాలావాటికి మళ్ళీ కార్బ్యురేటర్లే బిగించారు. ఆ పేటెంట్ల హక్కు బాష్ సంస్థకు చేరి, 1967లో డి-జెట్రానిక్ అనే పేరుతో వోక్స్‌వాగన్ 1600 కారులో నిలదొక్కుకున్నది. 1968 నుండి అమెరికాలో అమలుకు వచ్చిన పొగ నిబంధనలు దానికి ఊతమిచ్చాయి.

ఇక్కడ 'డి' అన్న అక్షరం 'డ్రుక్' అనే జర్మను మాటకు సంకేతం. డ్రుక్ అంటే పీడనం. ఇది పెట్రోలు పీడనం కాదు, ఇంజను పీల్చే గాలి పీడనం. దానిని కొలిచి పెట్రోలు మోతాదు కట్టే పద్ధతి అది. 1973లో వచ్చిన ఎల్-జెట్రానిక్‌లో 'ఎల్' అంటే 'లుఫ్ట్', గాలి. అందులో లోనికి పోయే గాలి పరిమాణాన్నే కొలుస్తారు. పేర్లలోనే లక్షణం ఉంది. ఈ రెండింటిలోనూ కొలతకు ఆధారం గాలే గాని పెట్రోలు పీడనం కాదు.

మరి పెట్రోలును దేనితో కొలుస్తారు? ఇక్కడే నా గురులఘువులు అక్కరకు వచ్చాయి. దానిని కాలంతో కొలుస్తారు. ఇంజెక్టరు అనేది విద్యుత్తుతో తెరుచుకుని మూసుకునే ఒక సన్నని ద్వారం. అది ఎంతసేపు తెరిచి ఉంటే అంత పెట్రోలు. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు రెండు మూడు మిల్లీసెకన్లు, పూర్తి బరువు లాగేటప్పుడు పది, ఆపైన. మన ఛందస్సులో లఘువు ఒక మాత్రాకాలం, గురువు రెండు మాత్రలు. మాత్ర అంటే కాలప్రమాణం. వైద్యుడు ఇచ్చే మందు మోతాదు కూడా మాత్రే. కాలాన్నీ మోతాదునూ ఒకే మాటతో చెప్పిన మన పెద్దలకు ఇంజెక్టరు గురించి ఒక్క ముక్కలో చెప్పవచ్చు. అది మాత్రలతో మాత్ర ఇచ్చే యంత్రం.

కాని మాత్రలు లెక్కకు నిలవాలంటే లయ మారకూడదు. చదివేవాడు ఒక పాదం ఒక వేగంలోనూ, రెండవ పాదం మరొక వేగంలోనూ చదివితే ఎన్ని మాత్రలు పట్టిందని చెప్పడానికి అర్థం ఉండదు. ఇంజెక్టరు విషయంలో ఆ లయే పెట్రోలు పీడనం. డి-జెట్రానిక్‌లో అది సుమారు 2 బార్లు, ఎల్-జెట్రానిక్‌లో రకాన్ని బట్టి 2.5 లేదా 3 బార్లు. పీడనం మారకుండా ఉంటుందన్న నమ్మకం మీదనే కంప్యూటరు కాలాన్ని లెక్కకడుతుంది. పీడనం పెరిగితే, తెరిచి ఉంచిన కాలం అంతే అయినా పెట్రోలు ఎక్కువ పోతుంది. ఈ పెరుగుదల వర్గమూలం లెక్కన ఉంటుంది. పీడనం 2.5 నుండి 3 బార్లకు, అంటే నూటికి 20 వంతులు పెరిగితే పెట్రోలు నూటికి తొమ్మిదిన్నర వంతులు పెరుగుతుంది.

ఎల్-జెట్రానిక్ కాలపు రెగ్యులేటరులో మరొక సూక్ష్మం ఉంది. ఇంజెక్టరు కొన ఇంజను గాలి పీల్చే గొట్టంలో ఉంటుంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు అక్కడ గాలి పలుచబడి, పెట్రోలును తనవైపు మరింత లాగుతుంది. ఆ లాగుడును సరిచేయడానికి రెగ్యులేటరుకు ఒక సన్నని రబ్బరు గొట్టం ద్వారా అదే పలుచదనాన్ని అందిస్తారు. అక్కడ ఎంత తగ్గితే ఇక్కడా పెట్రోలు పీడనం అంత తగ్గుతుంది. ద్వారానికి ఇవతలకూ అవతలకూ ఉన్న తేడా మాత్రం స్థిరం. ఈ ఏర్పాటును ఒక పలుచని పొర నడుపుతుంది. ఆ పొర చిరిగితే పెట్రోలు ఆ రబ్బరు గొట్టం వెంటే ఇంజనులోకి కారుతుంది. కంప్యూటరు లెక్కలోకి రాని దొంగ పెట్రోలు అది.

డి-జెట్రానిక్ రెగ్యులేటరుకు బిగింపు నట్టుతో సహా ఒక స్క్రూ ఉండేది. పీడనం 2 బార్ల దగ్గర లేకపోతే గేజి చూసి సరిచేసుకోవడానికి పెట్టినది. అది కొలబద్దను సరిచూసుకునే స్క్రూ. దానిని పొగ తగ్గించే స్క్రూగా వాడినవారు ఉన్నారు. మా మెకానిక్కు నాకు చెప్పిన ఉపాయానికి మూలపురుషుడు ఆ స్క్రూయే. అలా తిప్పితే ఏమవుతుంది? నిలకడగా తిరిగేటప్పుడు పొగ తగ్గినట్టే కనిపిస్తుంది. కాని నిండా జనంతో ఘాటు ఎక్కేటప్పుడు, ఎక్కడ పెట్రోలు నిజంగా ఎక్కువ కావాలో అక్కడ చాలకుండా పోతుంది. మంట వేడెక్కి ఇంజను టపటపా కొట్టుకుంటుంది, ముదిరితే పిస్టను కరిగి చిల్లి పడుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

కథలో చివరి ఘట్టం లాంబ్డా. లాస్ ఏంజిల్స్ నగరం మీద కమ్మే కళ్ళు మండే పొగమంచుకు మూలం ఎండలో మారే వాహనాల పొగ అని 1950ల తొలినాళ్ళలో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. 1970లో అమెరికా స్వచ్ఛవాయు చట్టం కఠినమైంది. 1975 నమూనా కార్లకు పొగను శుద్ధిచేసే కెటాలిటిక్ కన్వర్టరు వచ్చింది. మూడు రకాల విషాలనూ ఒకేసారి విరిచే రకం కన్వర్టరు పనిచేయాలంటే పాళ్ళు 14.7 దగ్గర చాలా సన్నని హద్దుల్లో ఉండాలి. ముక్కుతోనూ చెవితోనూ చేసే ట్యూనింగుకు అది సాధ్యం కాదు. అందుకని 1976లో బాష్ వారు పొగగొట్టంలో పెట్టే ఒక సెన్సారును తెచ్చారు. కాలిఫోర్నియాకు పంపిన వోల్వో కార్లలో అది మొదట వచ్చింది. పొగలో ఆక్సిజన్ మిగలకపోతే, అంటే మిశ్రమం రిచ్ అయితే, అది 0.8, 0.9 వోల్టులు చూపుతుంది. మిగిలితే 0.1 దగ్గరికి పడిపోతుంది. కంప్యూటరు ఆ మాట విని తన మాత్రలను తానే దిద్దుకుంటుంది. తన జవాబు పత్రాన్ని తానే దిద్దుకునే విద్యార్థి అన్నమాట.

మన దేశానికి ఈ మార్పు న్యాయస్థానం మీదుగా వచ్చింది. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్ 29న ఇచ్చిన ఆదేశంతో ఢిల్లీ ప్రాంతంలో యూరో నిబంధనలు అమలయ్యాయి. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. 1983లో కార్బ్యురేటరుతో పుట్టిన మారుతి 800కి 2000లో ఇంజెక్టర్ల రూపం వచ్చింది. కార్ల వెనుక ఎం.పి.ఎఫ్.ఐ. అన్న అక్షరాలు కనిపించడం మొదలైంది ఆ రోజుల్లోనే. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6. ఇప్పటి కొన్ని కార్లలో సిలిండరులోకే 200 బార్లకు మించిన పీడనంతో పెట్రోలు చిమ్ముతారు. అక్కడ పీడనాన్ని కూడా కంప్యూటరే క్షణక్షణం నిర్ణయిస్తుంది. తిప్పడానికి స్క్రూ లేదు.

ఇంత చదివాక నాకు బోధపడినది ఒక్కటే. రిచ్ కొట్టే ఇంజనుకు పీడనం తగ్గించడం మందు కాదు. పీడనం కొలవడం మాత్రం పరీక్ష. ఆ పరీక్షకు ఒక వరస ఉంది. గాలి ఫిల్టరు శుభ్రంగా ఉందా? ఇంజను వేడి చెప్పే సెన్సారు నిజం చెబుతోందా? తీగె తెగితే అది ఇంజను మంచులో ఉన్నదని చెబుతుంది. కంప్యూటరు నమ్మి పెట్రోలు కుమ్మరిస్తుంది. లాంబ్డాకు ముందు పొగగొట్టానికి చిల్లి ఉందా? బయటి గాలి లోపలికి చేరితే సెన్సారు పొరబడి పెట్రోలు చాలడం లేదంటుంది. ఆ తరువాత గేజి. అంకె కారు పుస్తకంలో ఉన్నదానికి సరిపోవాలి. రెగ్యులేటరు రబ్బరు గొట్టం ఊడదీస్తే పీడనం సుమారు అర బారు పెరగాలి. ఆ గొట్టంలో పెట్రోలు తడి కనిపిస్తే పొర చిరిగినట్టే. పీడనం మరీ ఎక్కువగా ఉంటే ట్యాంకుకు తిరిగి పోయే గొట్టం నలిగిందేమో చూడాలి. ఇంజను ఆపిన వెంటనే పీడనం పడిపోతే ఇంజెక్టరు కారుతూ ఉండవచ్చు. ఇదంతా ఆరుబయట, ఇంజను చల్లారాక, ముందు గొట్టంలోని పీడనం వదిలించి, చేరువలో నిప్పు లేకుండా చేయవలసిన పని. తెలియనివారు చేతులు పెట్టరాదు.

గడువు తీరాక కారును విజయవాడ ఆటోనగర్‌కు తీసుకుపోయాను. అక్కడ ఒక పెద్దవయసు మెకానిక్కు గేజి పెట్టి చూశాడు. పీడనం పుస్తకంలో ఉన్న అంకెకు వెంట్రుకవాసి తేడా లేదు. ఆ తరువాత చిన్న యంత్రం తగిలించి తెర చూపించాడు. ఇరవై కిలోమీటర్లు నడిపి తెచ్చిన ఇంజనులో నీళ్ళ వేడి 58 డిగ్రీలు! "మాస్టారూ, ఇందులో థర్మోస్టాటు ఉందా?" అని అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు ఒక మే నెలలో ఇంజను వేడెక్కితే, ఎవరో థర్మోస్టాటు పీకి పారేశారు. "మన ఎండలకు ఇది దండగండీ" అన్నారు. సబబే కదా అని తలూపినవాణ్ణి నేనే. నీళ్ళు 80 డిగ్రీలు దాటేదాకా రేడియేటరుకు దారి మూసి ఉంచడం దాని పని. అది లేకపోతే ఇంజను ఎప్పటికీ పూర్తిగా వెచ్చబడదు. కంప్యూటరు చలిలో ఉన్న ఇంజనని నమ్మి అదనపు పెట్రోలు ఇస్తూనే ఉంటుంది. మా కారు వంటి పాత రకాల్లో నీళ్ళు తగినంత వెచ్చబడేదాకా లాంబ్డా మాట చెవిన పెట్టదు. మొదట తేడా తెలియలేదు. ప్లగ్గులూ కన్వర్టరూ ఏళ్ళ తరబడి మసిపట్టిపోయాక తెలిసింది. సెన్సారు నిజమే చెప్పింది, కంప్యూటరు సక్రమంగానే లెక్క కట్టింది, పీడనం సరిగానే ఉంది. అందరూ సరిగా పనిచేస్తూ ఉండగా తప్పు జరుగుతోంది, ఒక్క చిన్న అంగం లేనందువల్ల.

కొత్త థర్మోస్టాటు కొన్ని వందల రూపాయలు. ఆయిలు మార్చాడు, ప్లగ్గులు శుభ్రం చేశాడు. వారం తిరిగేసరికి కారు లీటరుకు పద్నాలుగు పైచిలుకు నడిచింది. మా ఆవిడ తలనొప్పి మాట ఎత్తడం మానేసింది. అయినా కారు నిలిపే చోటును కిటికీకి దూరంగా మార్చాను. అది ఎప్పుడో చేయవలసిన పని.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఫలితాలు బాగాలేని ఏడాది మూల్యాంకనంలో చెయ్యి కాస్త వదులు చేయమని సలహాలు వచ్చేవి. శాతం పెరిగేది, పిల్లలకు చదువు వచ్చేది కాదు. జబ్బును వదిలేసి కొలబద్దను మార్చడం ఎంత తేలికో, ఆ మాటకు తలూపడం అంతకన్నా తేలిక. అప్పుడూ కొన్నిసార్లు తలూపాను. కారు విషయంలో ఒకసారి ఊపి, రెండోసారి ఆగాను. ఆ మాత్రం తెలివి రావడానికి ఇంత కథ చదవవలసి వచ్చింది.

సెలవు.